తవుడిచ్చి కొన్న బిడ్డ

నన్ను మా పక్కింటి పెద్దవ్వ చాటెడు తవుడిచ్చి కొన్నది. కరీంనగర్ జిల్లాలో మాది సాలోళ్ల వాడ. నాకంటే ముందు, నన్ను కన్న మా అవ్వకు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోసారి నేను పుట్టాక, పురుటి స్నానమైన రోజున నన్ను చాటలో పడుకోబెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టారు. మా అవ్వ ముఖం అటు తిప్పుకొని "గిది నా బిడ్డ గాదు, నాకొద్దు" అని ముమ్మారు అన్నదట. పక్కింటి పెద్దవ్వ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "అయ్యో, ఎవరో పారేసిండ్రు" అంటూ నన్నెత్తుకొని, అదే చాటలో మా అవ్వకు తవుడు పోసి, "కొనుక్కున్న. జర నా బిడ్డకు పాలియ్యి" అని మళ్ళీ మా అవ్వ ఒళ్లోనే పెట్టింది.

పిల్లలను వరసగా ఎత్తుకుపోయే ఆ పాడు కన్నుకు, ఇది ఎవరికీ అక్కరలేని బిడ్డ అనిపించాలి. అందుకే ఈ నాటకం. పుట్టువెంట్రుకలు తీసేదాకా ఆ మాట మీదే నిలబడాలి. ఎవరడిగినా "పక్కింటోళ్ల బిడ్డ" అనాలి. కన్నవాళ్లు నోరు జారి "నా బిడ్డ" అంటే బిడ్డ దక్కదని నమ్మకం.

మా అవ్వ నోరు జారింది. నాకు ఎనిమిదో నెలలో ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, కట్టూ గిట్టూ మరిచి, వాడంతా వినేలా "నా బిడ్డ, నా బిడ్డ" అని గుండెలు బాదుకుందట. తర్వాత నాలుక కరుచుకుందట. నేను చావలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

పేరు కూడా ఆ కుప్ప పేరే పెట్టారు. మా వైపు ఊళ్లలో అలాంటి పేరున్న ఆడో మగో ప్రతి వాడలోనూ ఒకరుండేవారు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నాకు ఆరేడేళ్లు వచ్చినా పెద్దవ్వ మా గడపలో నిలబడి "నా తవుడు బిడ్డ ఏదే? తోల్కపోత" అని ఆట పట్టించేది. అవ్వ కండెలు చుడుతూనే "తీస్కపో, పీడ వోతది. నీ తవుడు మా బర్రె ఎప్పుడో తిన్నది" అనేది. ఇద్దరూ నవ్వేవాళ్లు, నేను ఏడ్చేదాన్ని. అప్పుడు అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకునేది.

పోలీసు చర్య అయ్యాక మా ఉర్దూ బడిలోకి తెలుగు వచ్చింది, తెలుగుతోపాటు కొత్త పంతులు వచ్చాడు. హాజరుపట్టీ చదువుతూ నా పేరు దగ్గర ఆగి, నా వంక చూసి నవ్వాడు. తరగతంతా నవ్వింది. ఆయన ఆ పేరు కొట్టేసి దాని మీద ఒక దేవత పేరు రాశాడు. మంచికే చేశాడు. కాని ఆ రోజు ఇంటికొచ్చి నేను పెద్దవ్వతో మాట్లాడలేదు. తర్వాత కూడా సరిగా మాట్లాడలేదు. ఆమె చచ్చిపోయినప్పుడు నేను హైదరాబాదులో ట్రైనింగులో ఉన్నాను, రాలేదు.

ఆ ట్రైనింగు గ్రామసేవిక ఉద్యోగానికి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో ప్రతి బ్లాకుకూ మాలాంటి వాళ్లను వేశారు. నన్ను ఆదిలాబాద్ జిల్లాలో, భైంసా దగ్గర నల్లరేగడి పల్లెలకు పంపారు. అక్కడ నన్ను అందరూ మరాఠీ వరసలో "బాయీ" అనేవారు. పేరుతో పిలిచేవాళ్లు లేకపోవడం నాకు సుఖంగా ఉండేది.

మా పని తల్లీపిల్లల బాగోగులు. గర్భిణుల రిజిస్టరు రాయాలి, బాలవాడి నడపాలి, కుట్టుమిషను నేర్పాలి, నెలకు ఇన్నని పొగరాని పొయ్యిలు కట్టించాలి. పొయ్యిలు కట్టించాను. వాటిలో ఆడవాళ్లు ఉల్లిగడ్డలు దాచుకున్నారు, ఒకామె కోడిని పొదగేసింది. నేను మాత్రం రిజిస్టరులో "వాడుకలో ఉన్నది" అని రాశాను. కోడి వాడుకుంటూనే ఉంది కదా. పెద్ద పెద్ద అట్ట డ్రమ్ముల్లో పాలపొడి వచ్చేది. కలిపి ఇస్తే కడుపు నొస్తుందని పెద్దలు పారబోసేవారు. పిల్లలు పొడి పొడిగానే బుక్కి, అంగిట్లో అంటుకుంటే వేలితో గీక్కునేవారు.

ఆ పాలు నేను చెప్పగానే తాగిన మొదటి మనిషి, ఈ కథలో ఉన్న తల్లి. పత్తి ఏరే కూలి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మొగుడు భైంసాలో జిన్నింగు మిల్లులో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. నాలుగోసారి కడుపుతో ఉండి, నేను ఏది చెబితే అది చేసింది. గ్లాసెడు పాలు ముక్కు మూసుకుని తాగి, "మందనుకున్న బాయీ" అని నవ్వేది.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున నన్ను పిలిపించారు. వెళ్లేసరికి చాట, తవుడు, పెంటకుప్ప, పక్కన అయిదుగురు పిల్లల తల్లి అయిన పొరుగింటామె, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. "చదువుకున్న చెయ్యి, జర పట్టు బాయీ" అని చాటకు ఒక పక్క నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పొరుగింటామె తవుడు పోసింది. ఆ తల్లి ముమ్మారు నాకొద్దు అన్నది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేనూ ఇట్లాంటి బిడ్డనే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మూడు నెలలకు హైదరాబాదు నుంచి మా పెద్దాఫీసరు అమ్మగారు తనిఖీకి వచ్చారు. ఆమెది కోస్తా వైపు. మంచి మనిషి. చెడ్డదైతే నాకింత సిగ్గు ఉండేది కాదేమో. నన్ను గ్రామసేవికల పైన ముఖ్యసేవికగా తీసుకోవాలని రాస్తానని జీపులో ఆమే చెప్పారు. దిక్కులేని పిల్లల కోసం జిల్లాలో కొత్తగా సదనం తెరిచారనీ, మా బ్లాకు నుంచి ఒక్క బిడ్డ కూడా రాలేదేమనీ అడిగారు. మాట్లాడుతూనే ఒళ్లో నా బాలవాడి రిజిస్టరు తిరగేస్తూ ఒక పేరు దగ్గర ఆగి నవ్వారు. అది నా చిన్నప్పటి పేరే. నాది కాదు, ఆ ఊళ్లో ఇంకో పిల్లది.

"ఇదేం పేరమ్మా! కన్నవాళ్లే పెట్టారా దీన్ని?"

నేనూ నవ్వాను. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నేను ఎరుగుదును, ఎరిగీ నవ్వాను. "చదువు లేనివాళ్లు అమ్మగారూ, ఏం చేస్తాం" అని కూడా అన్నాను.

ఊళ్లో జీపు ఆగింది. పత్తి రోజులు, మగవాళ్లంతా బండ్లు కట్టుకుని భైంసా వెళ్లారు. పొరుగింటామె వాకిట్లో కూర్చుని ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ తల్లి అప్పుడే చేని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. అమ్మగారు ముచ్చటపడి బిడ్డ బుగ్గ తాకి, "ఎవరి పాప?" అన్నారు.

"నాదే" అన్నది పొరుగింటామె. "తవుడిచ్చి కొన్న."

అమ్మగారికి మా మాట సగమే అర్థమయ్యేది, కాని ఈ సగం బాగానే అర్థమైంది. నా వైపు తిరిగారు. "కొన్నదా? అడుగు. కన్నతల్లి ఎవరు?"

నేను ఆ తల్లి వంక చూశాను. ఆమె చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చి, నాతో కూడా ఆట ఆడుతున్నట్టు, గట్టిగా అన్నది: "నేను గన్న. గని నాది గాదు. నాకొద్దనుకున్న. పక్కింటోళ్ల బిడ్డ."

"నీకు నిజంగా వద్దా?"

"వద్దు. ముమ్మారు జెప్పిన."

అరుగు మీదున్న ఒక ముసలవ్వ అన్నది, "గిది మా రివాజు అమ్మా."

"రివాజు అంటే?" అని అమ్మగారు నన్ను అడిగారు.

ఒక్క నిమిషం చాలు. 'కన్ను పడకుండా చేసే తంతు అమ్మగారూ, బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుంది' అంటే అయిపోయేది. అని ఉంటే, నీకెలా తెలుసు అని అడిగేవారేమో. అడిగేవారు కాదేమో కూడా. అయినా జీపులో నవ్విన నవ్వు ఇంకా నా మూతి మీదే ఉంది. "ఆచారం అమ్మగారూ, అలవాటు" అన్నాను. అది తప్పు మాట కాదు. అబద్ధం ఆడకుండానే మనిషి ఎంత పాపం చేయొచ్చో ఆ రోజు నేర్చుకున్నాను.

"ఊరంతా పిల్లలను అమ్ముకునే అలవాటా? తవుడికి?" అమ్మగారి కళ్లల్లో నీళ్లొచ్చాయి. నిజంగా వచ్చాయి. కాగితం తీసి వాంగ్మూలం రాయమన్నారు. రాసింది నేనే. 'ఈ బిడ్డ నాది కాదు, తవుడు తీసుకుని ఇచ్చివేసినాను.' ఆ తల్లికి చదివి వినిపించాను. ఆమె ముఖం విప్పారింది. "సర్కారు కాయితంల గూడ నాది గాదని రాసినవా బాయీ? మంచిగయింది. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నది. సర్కారే సాక్ష్యం చెబితే ఏ కన్నయినా నమ్మి తీరుతుందని ఆమె లెక్క. సంతోషంగా వేలిముద్ర వేసింది. వేసిన వేలు కొంగుకు తుడుచుకుంది.

అప్పుడు అమ్మగారు లేచి, తన శాలువా తీసి బిడ్డకు చుట్టి, నా చేతుల్లో పెట్టి, "జీపెక్కు" అన్నారు.

ఎక్కాను.

పొరుగింటామె అరిచింది. "ఓ బాయీ, యాడికి తీస్కపోతుండ్రు? జెప్పవే, నువ్వు సుత చాట వట్టినవు గదే!" అమ్మగారికి ఆ మాట అర్థం కాలేదు. ఆ తల్లి జీపు వెనక ఉరికింది. నోరు తెరిచింది. నేను చూస్తున్నాను, పెదవులు ఆ మాట కోసం కూడుకున్నాయి. అంతలోనే కొంగు నోట్లో కుక్కుకుంది. అట్లాగే కుక్కుకుని బాట మలుపుదాకా ఉరికింది. మూడు నెలల బిడ్డ నా ఒళ్లో రొమ్ము వెతుక్కుంటోంది.

తొమ్మిదో రోజు, సంతనాడు, ఆమె నా గది ముందుకొచ్చి నిలబడింది. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది, జ్వరంగా ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు.

"పక్కింటోళ్ల బిడ్డ పాలు తాగుతుందా బాయీ?"

తాగుతోందని చెప్పాను. నాకు తెలియదు. రాస్తానన్నాను, తెప్పిస్తానన్నాను. వెళ్లేటప్పుడు "జర జల్ది" అన్నది, అంతే.

ఉత్తరం రాయడానికి ఇంకా పదకొండు రోజులు పట్టింది. రాయరానిదాన్ని కాదు. ప్రతిసారీ 'ఈ ఆచారము నాకు చిన్ననాటి నుండి తెలియును' అనే వాక్యం దగ్గరికొచ్చి చెయ్యి ఆగిపోయేది. తెలిస్తే ఆ రోజు ఎందుకు చెప్పలేదంటారు. ముఖ్యసేవిక ఉత్తర్వు ఇంకా రాలేదు. నాలుగు కాగితాలు చింపి, చివరికి అయిదోది పంపాను: 'బిడ్డ తమదేనని తండ్రి చెప్పుచున్నాడు, తల్లి పశ్చాత్తాపపడుచున్నది.' తప్పంతా ఆమె మీదే పెట్టానన్నమాట. నోరు లేని మనిషి కదా, కాదనలేదు.

జవాబు వచ్చింది. తల్లి మనసు మారితే సంతోషమే, కాని తండ్రి మాట చాలదు, బిడ్డ నాదేనని తల్లి స్వయంగా చెప్పి వేలిముద్ర వేయాలి. ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను.

"వెంట్రుకలు దీసేదాక ఆగరా?" అని అడిగింది.

"ఆగరు."

గోడకానుకుని కూర్చుంది. తర్వాత నా ముఖంలోకి సూటిగా చూసింది. "బాయీ, నువ్వు నాలుగూర్లు దిరిగినదానివి. గా మాట ముందుగాల అన్నంక సుత బతికిన బిడ్డ యాడన్న ఉన్నదా? నువ్వు జూసినవా?"

చూశానా? ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నదే ఆ బిడ్డ. ఎనిమిదో నెలలో 'నా బిడ్డ' అనిపించుకుని, జ్వరం తగ్గి, చదువుకుని, చేతి గడియారం పెట్టుకుని, ఆమె ఎదురుగా కూర్చుంది. నన్ను ముట్టి చూసుకోవచ్చు. అంతకంటే ధైర్యం ఆమెకు ఎవరివ్వగలరు? కాని ఆ మాట చెబితే నాకంతా తెలిసే నోరు మూసుకున్నానని ఆమెకు అర్థమవుతుంది. ఆమె కంటే అది ఎవరికి బాగా అర్థమవుతుంది?

"అవన్నీ మూఢనమ్మకాలు" అన్నాను. ట్రైనింగులో చెప్పిన మాట.

ఆమె తల దించుకుంది. "అట్లనా" అన్నది. తర్వాత, నూతిలో దూకేముందు ఊపిరి బిగబట్టినట్టు ఊపిరి బిగబట్టి, "నా బిడ్డ" అన్నది. ఒక్కసారే. వేలిముద్ర వేసింది. ఈసారి వేలు తుడుచుకోలేదు.

బిడ్డను నేనే వెనక్కు తెచ్చాను. సదనంలో బాగానే చూసుకున్నారు, ఒళ్లు కూడా చేసింది. జీపు దిగి నేరుగా ఆ తల్లి దగ్గరికి వెళ్లాను. ఆమె రెండు చేతులూ వెనక్కు పెట్టుకుని, రెండడుగులు వెనక్కు జరిగింది.

"గామెకియ్యి" అని పొరుగింటామెను చూపించింది. "నేను నోరు జారిన. నా నీడ వడొద్దు."

పాలు ఎప్పుడో ఎండిపోయాయి. బిడ్డ మేకపాలు తాగి పొరుగింట్లోనే పెరిగింది. వెంట్రుకలు తీశాక అయినా తెచ్చుకొమ్మని మొగుడు చెప్పాడు, పొరుగింటామె చెప్పింది, ఊరు చెప్పింది. ఆమె వినలేదు. ఒకసారి నాతో అన్నది: "మాటయితే గాలికి వోతది బాయీ. కాయితం యాడికి వోతది? నా వేలు సర్కారు దగ్గర ఉన్నది." సదనంలో చూసి నా చేతికే తిరిగిచ్చిన ఆ కాగితం ఆమె అనుకున్నంత దూరంలో లేదు. నా బీరువాలో, పొయ్యిల లెక్కల కింద ఉంది.

నాకు ముఖ్యసేవిక ఉద్యోగం వచ్చింది. నిర్మల్ వెళ్లాను. నాలుగేళ్లకు తనిఖీ కోసం మళ్ళీ ఆ ఊరు వెళ్తే, బాలవాడిలో కొత్త పిల్లలను రాసుకుంటున్నారు. నా స్థానంలో వచ్చిన గ్రామసేవికకు జ్వరం, అందుకని నేనే కలం పట్టాను. పొరుగింటామె ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చింది. వెనక, నాలుగడుగుల దూరంలో, ఆ తల్లి. పిల్లకు ఆమె కళ్లే. అదే విశాలమైన నుదురు. నేను గుర్తుపట్టానని ఇద్దరికీ తెలుసు.

పిల్ల పేరు చెప్పారు. నా పేరే. రాశాను.

"తల్లి?" అన్నాను. అని, పొరుగింటామెను కాకుండా వెనకున్న మనిషిని చూశాను. పొరుగింటామె కూడా పక్కకు జరిగి ఆమెకే చోటిచ్చింది. పిల్ల కూడా ఎందుకో అటే చూసింది.

"పక్కింటోళ్ల బిడ్డ బాయీ" అన్నది ఆమె. నవ్వుతూనే అన్నది. నాలుగేళ్ల కింద నాతో ఆట ఆడుతున్నట్టు అన్న మాటే, ఇప్పుడు అందులో ఆట లేదు.

పొరుగింటామె పేరు రాశాను. సిరా ఆరేలోగా పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి, మోచేతులు ఆనించి, నా కలాన్ని చూసి, నన్ను చూసి, "బాయీ, నీ పేరేంది?" అని అడిగింది.

ఆ ఊళ్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు అంతకు ముందు లేరు. ఆ తల్లి కూడా తలెత్తింది. ఒక్క పేరు. అది చెబితే చాలు, మిగతాది నేను చెప్పనక్కర లేదు. ఆ పేరున్న ఆడది ఎట్లా పుట్టిందో, ఎట్లా బతికిందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. మా అవ్వ ఎప్పుడైనా నోరు జారిందా అని ఆమే అడుగుతుంది, జారిందని నేను చెబుతాను. ఆ పిల్ల ఆ సాయంత్రమే ఇల్లు మారేదేమో.

దేవత పేరు చెప్పాను. పంతులు రాసింది.

ఆ తల్లి మెచ్చుకోలుగా తల ఊపి, "మంచి పేరు బాయీ" అన్నది.